కొట్టకముందే అన్న ఊఁ

రైల్వే క్వార్టర్లలో సుత్తి మామయ్య ఇల్లెక్కడ అని అడిగితే చంటిపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు మాత్రం ఆ పేరు వినగానే హడలిపోయేవారు. ఎవరో మాటలతో జనాన్ని కుర్చీకి కట్టేసే మనిషి కాబోలు, చిక్కితే సాయంత్రం దాకా వదలడు కాబోలు అనుకునేవారు. తీరా చూస్తే ఆయన రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆయన సుత్తి కొట్టేది నోటితో కాదు. చేత్తో. మూడడుగుల పొడుగు కర్ర, దాని చివర పిడికెడంత ఉక్కు తల. స్టేషన్లో ఆగిన రైలు చక్రాలను ఒక్కొక్కటిగా దానితో కొట్టి, మోగిన మోతను బట్టి ఏ చక్రంలో పగులుందో, ఏది క్షేమమో చెప్పడం ఆయన ఉద్యోగం.

“లోకంలో సుత్తి కొట్టేవాళ్ళు లక్షమంది ఉన్నారు. దానికి జీతం కూడా పుచ్చుకునేది మా బావగారొక్కరే” అనేవాడు నూనె బావ. నూనె బావ అంటే బండి ఇరుసులకు నూనె పోసే మనిషి. చుట్టరికం ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మామయ్య భార్యను “అక్కయ్యా” అని పిలిచేశాడు, దాంతో వరస కుదిరిపోయింది. తక్కిన స్టేషనంతా ఆవిడను అత్తయ్య అంటుంది.

ఆ పని ఎంత గొప్పదో చెప్పుకోకపోతే తర్వాత జరిగినది ఎంత గొప్పదో తెలియదు. కాబట్టి ముందు పని సంగతి.

బండికి పన్నెండు పెట్టెలు. పెట్టెకు ఎనిమిది చక్రాలు. మొత్తం తొంభై ఆరు. అటు పక్క నలభై ఎనిమిది కొట్టుకుంటూ వెళ్ళి, ఇటు పక్క నలభై ఎనిమిది కొట్టుకుంటూ రావాలి. బండి ఆగేది ఇరవై నిమిషాలు. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. అయితే చల్లటి పొద్దున మోగినట్టు ఎండ కాచిన మధ్యాహ్నం మోగదు. అరిగిన చక్రం సన్నగా పలుకుతుంది. బ్రేకు పట్టేసినది గొంతు బిగబట్టినట్టు పలుకుతుంది. నిలువునా పగిలినదైతే అసలు మోగదు, మూత పెట్టిన డబ్బాలా డబ్బుమంటుంది. అది ఎవరికైనా తెలుస్తుంది. వెంట్రుకంత పగులున్నదే మాయదారిది. అది అన్నిటిలాగే మోగుతుంది, మోగి మోగి చివర్లో ఒక్క పిసరు ముందుగా చచ్చిపోతుంది. ఆ పిసరును పట్టుకోవడమే విద్య.

కథ వినేవాళ్ళు ఊఁ కొడతారు చూడండి, అలా ఆయన ప్రతి చక్రానికీ ఊఁ కొట్టేవాడు. సుత్తి పడేది. చక్రం తన సంగతి చెప్పుకునేది. చెప్పడం పూర్తయ్యాక ఈయన “ఊఁ” అనేవాడు. ఊఁ అన్నాడంటే ఆ చక్రం మీద కూర్చున్నవాళ్ళు నిశ్చింతగా నిద్రపోవచ్చు. అనలేదంటే నూనె బావ నూనె డబ్బా కింద పెట్టేసి పరుగెత్తుకొచ్చేవాడు.

అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తలో ఒక ముసురు పట్టిన పొద్దున అలాంటి ఊఁ రాకపోవడం కళ్ళారా చూసింది. నాలుగో పెట్టె దగ్గర ఆయన కొట్టాడు, ఆగాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి కొట్టి చెవి దగ్గరగా పెట్టాడు. ఆ రోజు తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఒకాయన దీపం వేసి చూసి, “అద్దంలా ఉందయ్యా, ఏం వినిపించింది నీకు?” అని నవ్వాడు. “చివర తెగింది సార్” అన్నాడు మామయ్య. అంతకుమించి చెప్పడం ఆయనకు రాదు. సరే కిరోసిన్ తెప్పించారు. చక్రానికి పూసి, శుభ్రంగా తుడిచేసి, పైన సుద్ద పొడి చల్లారు. పదిమందీ గొంతుకూచుని చూశారు. రెండు నిమిషాలకు తెల్లటి సుద్దలో ఒక నల్లటి గీత దానంతటదే పుట్టింది. పగుల్లోకి ఇంకిన కిరోసిన్ బయటికి ఊరి, వెంట్రుక పరిచినట్టు మెల్లగా పాకుతూ వెళ్ళింది. ఇంజనీరు టోపీ తీశాడు. అత్తయ్య చేతిలో క్యారేజీ అలాగే ఉండిపోయింది. ఉక్కు లోపల ఉన్న మాటను ఈ మనిషి బయట నిలబడి విన్నాడు. ఇంటికొచ్చి టవలు కనిపించడం లేదని కేకలేసే మనిషీ ఈయనే!

ఇరవయ్యారేళ్ళలో అలాంటివి పదకొండు పట్టాడు. ఒక్కటి కూడా తప్పిపోలేదు. లెక్కేస్తే ముప్పై అయిదు లక్షల చక్రాలకు తక్కువ కాకుండా ఆయన చేతి దెబ్బ తిన్నాయి. పగులు దొరికిన బళ్ళు తప్పిస్తే ఆయన వల్ల ఒక్క బండి ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. సెలవంటారా, వారాంతపు సెలవు చూసి పెళ్ళి చేసుకున్నాడు. కూతురు పుట్టిన రోజున కూడా సాయంత్రం బండి సాగనంపాకే ఆసుపత్రికి వెళ్ళాడు. అందుకు పైవాళ్ళు ఒక యోగ్యతాపత్రం ఇచ్చారు, బంగారు అంచు చట్రం కట్టించి ముందు గదిలో వేలాడదీశారు. వచ్చినవాళ్ళకు కూర్చోమనడానికి ముందే దాన్ని చూపించేది అత్తయ్య.

మొదట్లో ఆ స్టేషన్లో సుత్తి మనుషులు ముగ్గురు. ఒకాయన రిటైరయ్యాడు. ఇంకొకాయన బదిలీ అయిపోయాడు. వాళ్ళ స్థానంలో ఎవరినీ వేయలేదు. మిషను వస్తోంది, పట్టాల పక్కన పెడితే అదే వింటుంది అన్నారు. మిషను వస్తోంది వస్తోంది అనడంలోనే ఆరేళ్ళు గడిచాయి. ఈలోగా రోజుకు నాలుగు బళ్ళు చూసే మనిషి తొమ్మిది బళ్ళు చూడాల్సి వచ్చింది.

“ఎలాగండీ మామయ్యా?” అని స్టేషన్ మాస్టరు అడగడం, “నేనున్నాగా” అని ఈయన అనడం. ఆ ఒక్క మాటకు మాస్టరు ముఖం విప్పారేది. ఈయన ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఇంకా రెండు బళ్ళు ఎక్కించినా అదే మాట అనేవాడేమో.

ఇంట్లో మాత్రం వేరే మనిషి తయారవుతున్నాడు. ఇదివరకు వీధిలో అడుగుల చప్పుడు విని “పక్కింటాయన, ఎడమకాలి చెప్పు తెగింది” అని చెప్పేవాడు. పొయ్యి మీద పాలు పొంగుతాయని పది క్షణాల ముందే అరిచేవాడు. అవన్నీ ఆగిపోయాయి. పని నుంచి వచ్చి బూట్లు విప్పకుండా కుర్చీలో అరగంట కూర్చునేవాడు. ఒక బూటు విప్పి, రెండోది మరిచిపోయేవాడు. రేడియో పెడితే చిరాకు. తొమ్మిది గంటలు పడుకుని లేచినా, లేచేటప్పుడు ముఖం పడుకునేటప్పటి కంటే వాడిపోయి ఉండేది. కూతురు ఫోన్ చేస్తే “అమ్మకిస్తా” అనడమే.

ఇక అన్నిటికీ ఒకటే జవాబు.

“ఏమండీ, గుమ్మం తలుపు చెక్క ఊడింది.”

“ఊఁ.”

“వడ్రంగిని పిలవనా?”

“ఊఁ.”

“ఎదురింటావిడ మన సామానంతా తీసుకెళ్తానంటోంది, ఇచ్చేయనా?”

“ఊఁ.”

“మిమ్మల్ని కూడా కలిపి ఇచ్చేయనా?”

“ఊఁ.”

అత్తయ్య పగలబడి నవ్వింది. నవ్వుతూ ఆయన వంక చూస్తే ఆయన నవ్వలేదు. తను ఎందుకు నవ్విందో కూడా ఆయనకు తెలియలేదు. దాంతో ఆవిడ నవ్వు మధ్యలోనే తెగిపోయింది.

తన మీద కోపమేమో అనుకుంది కొన్నాళ్ళు. చెముడేమో అనుకుంది మరి కొన్నాళ్ళు. నూనె బావ చెవిన వేస్తే, “స్టేషన్లోనూ అదే తంతు అక్కయ్యా. మొన్న ‘బావగారూ, చొక్కా తిరగేసి తొడుక్కున్నారు’ అన్నాను. ఊఁ అన్నారు. అలాగే అయిదు బళ్ళు చూశారు. జేబులు బయటికి వేలాడుతున్నాయి, కుందేలు చెవుల్లాగా” అన్నాడు.

“నవ్వులాట కాదు తమ్ముడూ.”

“నవ్వులాట కాదనే నవ్వుతున్నా అక్కయ్యా. ఆయనతో ఎవరు చెప్పగలరు?”

ఒకరోజు మామయ్య భోజనం క్యారేజీ ఇంట్లోనే మరిచిపోయాడు. అత్తయ్య అది పట్టుకుని మధ్యాహ్నం బండి వేళకు స్టేషన్‌కు వెళ్ళింది. ఎన్నో ఏళ్ళ తర్వాత వెళ్ళడం. అక్కడ ప్లాట్‌ఫాం నేలకు సమంగా ఉంటుంది, చక్రాలు నిలువెత్తునా కనిపిస్తాయి. మామయ్య అటు పక్క ముగించుకుని ఇటు పక్కకు వచ్చాడు. ఆవిడ సిమెంటు బల్ల మీద కూర్చుని చూసింది. అదే నడక. భుజం కదలకుండా మణికట్టు ఒక్కటే తిరిగే అదే దెబ్బ. ఒక్క దెబ్బ కూడా అంచు తప్పి పడటం లేదు. ఇన్నేళ్ళు వచ్చినా ఇంత తీరుగా కొట్టే చెయ్యి ఎక్కడుంటుంది అని ముచ్చటపడింది.

తర్వాత ఆవిడకు ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. లేచి ఆయన వెనకాలే పెట్టెతో పాటు నడిచింది.

ఠంగుమంది. ఊఁ అన్నాడు. బాగానే ఉంది.

తర్వాతి చక్రం దగ్గర ఊఁ అన్నాడు. ఠంగుమంది.

అత్తయ్య నిలబడిపోయింది. తను పొరబడిందేమో అనుకుంది. ఆ తర్వాతి దానికి మళ్ళీ అంతే. సుత్తి ఇంకా గాల్లోనే ఉంది, ఊఁ అనేశాడు. ఇంట్లో తను మాట మొదలుపెట్టగానే అనే ఊఁ ఎలాంటిదో, ఇదీ అచ్చం అలాంటిదే. చక్రం నోరు తెరవకముందే విన్నానని చెప్పేస్తున్నాడు. ఎంత గొప్ప ఇంజనీరైనా అది కనిపెట్టలేడు. ఆ ఊఁతో మూడేళ్ళు కాపురం చేసిన మనిషికే తెలుస్తుంది.

“ఏమండీ.”

“క్యారేజీ అక్కడ పెట్టు. ఆఖరి పెట్టె.”

“మీరు కొట్టకముందే ఊఁ అంటున్నారు.”

“ఊఁ” అన్నాడాయన.

నూనె బావ ఫక్కుమన్నాడు. వెంటనే నోరు మూసుకున్నాడు.

“నేనేమన్నానో చెప్పండి” అంది అత్తయ్య.

“క్యారేజీ అన్నావు.”

“క్యారేజీ అన్నది మీరు. నేనన్నది, మీరు చక్రం కొట్టకముందే ఊఁ అంటున్నారని. నాలుగుసార్లు చూశాను.”

మామయ్య ముఖం కందగడ్డ అయింది. “నా పని నాకు నేర్పుతావా? ఇరవయ్యారేళ్ళు—”

“నేర్పడానికి నాకేం వచ్చు? ఇంట్లో నా మాటలకు మీరు ఏం చేస్తున్నారో ఇక్కడ వీటికీ అదే చేస్తున్నారు. నా సంగతి పోనీండి. నా మాటలో పగులున్నా ఎవరూ చావరు. వీటి మీద జనం కూర్చున్నారు.”

ఆయన మళ్ళీ పెట్టె వైపు తిరిగాడు. మిగిలిన నాలుగు చక్రాలూ కొట్టేశాడు. గార్డు చీటీ పుస్తకం పట్టుకుని వచ్చాడు. చక్రాలన్నీ క్షేమం అని ఆ చీటీ మీద ఈయన సంతకం పెడితేనే బండి కదులుతుంది. మామయ్య కలం తీశాడు. మూత విప్పాడు.

ఆ కాసేపట్లో ఆయన లోపల ఏం జరిగిందో తర్వాత ఆయనే అత్తయ్యకు చెప్పాడు. ఆఖరి చక్రం ఎలా మోగిందో గుర్తు తెచ్చుకుందామనుకున్నాడట. ఇదివరకైతే ఏ చక్రం మోతైనా బండి వెళ్ళిన గంట దాకా చెవిలోనే తిరుగుతుండేది. ఇప్పుడు వెతికితే లేదు. అంతకుముందు దాని మోతా లేదు. ఆ పెట్టె మొత్తం లేదు. అటు పక్క నలభై ఎనిమిదీ లేవు. తొంభై ఆరు దెబ్బలు కొట్టినట్టు చెయ్యి చెబుతోంది. ఒక్కటి కూడా విన్నట్టు చెవి చెప్పడం లేదు. ఊరికే సంతకం పెట్టేస్తే ఎవరికీ తెలియదు. చక్రాలు బాగానే ఉండి ఉంటాయి. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు బాగానే ఉంటాయి. ఇలా ఎన్ని బళ్ళకు సంతకం పెట్టేశాడో!

ఆయన కలం మూత పెట్టేశాడు.

“నేను వినలేదు” అన్నాడు గార్డుతో.

గార్డుకు అర్థం కాలేదు. ఈల వేసి స్టేషన్ మాస్టరును పిలిచాడు. మాస్టరు ఆయాసపడుతూ వచ్చాడు. “ఏమైంది మామయ్యా, పగులా?”

“ఏమో.”

“ఏమో ఏంటండీ! మీరు ఏమో అంటే ఇంకెవరిని అడగమంటారు?”

“ఉందో లేదో నాకు తెలీదు మాస్టారూ. కొట్టాను, వినలేదు. మళ్ళీ కొట్టాలి.”

“వెనక ఇంకో బండి వచ్చి గేటు దగ్గర నిలబడింది. మీరు అన్నిటికీ ఊఁ అన్నారని బావ చెబుతున్నాడుగా!”

“అన్నాను. వినకుండా అన్నాను.”

మాస్టరు తల పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, “ఇరవయ్యారేళ్ళలో మీ వల్ల ఒక్క నిమిషం లేటు లేదు. ఆలోచించండి. ఆ పేరంతా పోతుంది” అన్నాడు.

“పోనివ్వండి.”

అత్తయ్య ఆ మాట విని తన చెవులను తనే నమ్మలేకపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు అది, ఈయన చేత్తో ఒక్కొక్క దెబ్బే కొట్టి సంపాదించుకున్న పేరు. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు కూడా ముందు గదిలోకి వచ్చి ఆ యోగ్యతాపత్రాన్ని ఒకసారి చూసుకుని వెళ్ళే మనిషి. పోనివ్వండి అన్నాడు, చేతికంటిన మసి దులుపుకున్నట్టు.

మళ్ళీ కొట్టడానికి ఆయన సుత్తి ఎత్తలేదు. నూనె బావ చేతికిచ్చాడు.

“నేనా? నేను కొడితే చక్రాలు నవ్వుతాయి బావగారూ!”

“నవ్వితే వింటాను. కొట్టు. ఎప్పుడు కొడతావో మాత్రం నాకు చెప్పొద్దు. నా చెయ్యి కొడితే ఎప్పుడు పడుతుందో నాకు ముందే తెలిసిపోతోంది. అందుకే నోరు తొందరపడుతోంది.”

అలా ఎవరూ చేయగా ఎవరూ చూడలేదు. మామయ్య చక్రాలకు వీపు తిప్పి కళ్ళు మూసుకున్నాడు. అత్తయ్య క్యారేజీ బల్ల మీద పెట్టేసి ఆయన మోచెయ్యి పట్టుకుంది. బావ కొట్టడం, ఈయన వినడం, ఆవిడ ఆయనను రెండడుగులు నడిపించడం. కంకర రాళ్ళ మీద ఆయన కాలు తడబడితే ఆవిడ ఆపింది. కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టారు. “ఏంటయ్యా, కళ్ళు లేనాయన్ని చక్రాలు చూడమన్నారా?” అని ఎవరో ఎగతాళి చేశారు. “చూడటం లేదురా, వింటున్నాడు. నువ్వు కాస్త నోరు ముయ్యి” అన్నాడు పై బల్ల మీంచి ఒక ముసలాయన. ఆ మాట పక్క పెట్టెకు పాకింది. అక్కడి నుంచి ఆ పక్క పెట్టెకు. వినడానికి వీలుగా ఉండాలట, మాట్లాడొద్దట. చీట్లాడేవాళ్ళు ముక్కలు కింద పెట్టారు. ఏడుస్తున్న పిల్లను తల్లి భుజానేసుకుంది. కాసేపటికి పన్నెండు పెట్టెల బండి, ఎనిమిది వందల మంది జనం ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఒక్క సుత్తి మోత తప్ప ఏమీ లేదు.

యాభయ్యో చక్రం దగ్గర మామయ్య “ఆగు” అన్నాడు. బావ ఎత్తిన సుత్తి గాల్లోనే ఆపేశాడు. “పగులు కాదు. నేను కాసేపు కూర్చుంటాను” అని పట్టా పక్కన కూలబడ్డాడు. ఎప్పుడూ బండి పక్కన కూర్చుని ఎరగడు. రెండు నిమిషాలు కూర్చుని, అత్తయ్య ఇచ్చిన మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచాడు.

తొంభై ఆరు చక్రాలూ బాగున్నాయి. ఒక్క దానిలోనూ పగులు లేదు. ఆయన సంతకం పెట్టాడు. ముప్పై ఏడు నిమిషాల ఆలస్యంగా బండి కదిలింది. పగులు దొరికి ఉంటే ఆయనకు దండలు వేసేవారు. దొరకలేదు కాబట్టి సంజాయిషీ అడిగారు. పెద్ద కాగితం, ఆలస్యానికి కారణం అని కింద పది గీతలు. ఆయన మొదటి గీత మీద “నేను వినలేదు” అని రాసి, కింద తేదీ వేసి పంపాడు.

పైవాళ్ళు ఆయనను చెవి డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరమ్మ ఆయనను ఒక మూసిన గదిలో కూర్చోబెట్టి, దోమ రెక్క కొట్టినంత చిన్న చప్పుళ్ళు వినిపించింది. అన్నిటికీ చెయ్యి ఎత్తాడు. ఆవిడ కాగితం చూసి, “ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళకు కూడా ఇంత చెవి లేదండీ” అంది.

“మరెందుకు వినిపించలేదు డాక్టరమ్మా?”

“వినిపించింది. మీరే ఇంట్లో లేరు. పొద్దున లేవగానే అలసటగా ఉంటుందా?”

“కాస్త” అన్నాడు మామయ్య.

“చాలా” అంది అత్తయ్య.

“ఇష్టమైన పని కూడా ఎవరో మెడ మీద చెయ్యి వేసి చేయిస్తున్నట్టుంటుందా?”

“ఎప్పుడైనా.”

“రోజూ” అంది అత్తయ్య. “వారాంతపు సెలవు రోజున మరీను. మళ్ళీ రేపు వెళ్ళాలని పొద్దుటి నుంచే తలనొప్పి.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగైదు నెలలు” అన్నాడాయన.

“మూడేళ్ళు” అంది అత్తయ్య.

డాక్టరు కలం కింద పెట్టింది. “మొదటి నెలలో వచ్చి ఉంటే పది రోజులు విశ్రాంతి సరిపోయేది. మూడేళ్ళు అరగదీశారు. మూడు నెలలు కావాలి.”

“మూడు నెలలా! ఎవరు కొడతారు?”

“మీరు రిటైరైతే రైళ్ళు ఆపేస్తారా?”

ఆపేస్తారనే ఆయన అనుకుంటున్నాడని అప్పుడు అత్తయ్యకు తెలిసింది. ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది. చెవి తమ్మెలు ఎర్రబడ్డాయి.

సెలవు కాగితం వెళ్ళిన నాలుగో రోజుకల్లా ఇద్దరు సుత్తి మనుషులు పక్క జంక్షన్ నుంచి దిగారు. ఆరేళ్ళుగా లేరన్న మనుషులు! ఇంతకాలం ఎందుకు పంపలేదని అత్తయ్య ఆఫీసు గుమాస్తాను నిలదీస్తే అతను రిజిస్టరు తిరగేసి, “ఎవరూ అడగలేదండీ. ఆయనున్నారుగా అనుకున్నాం” అన్నాడు.

తర్వాత సంగతులన్నీ స్టేషన్లో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. మామయ్య తిరిగి వెళ్ళి ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఇంకో ఏడు పగుళ్ళు పట్టాడు. పద్నాలుగు మందిని తయారు చేశాడు. ఒకరు కొడితే మరొకరు వినడం, రెండు బళ్ళకొకసారి సుత్తి చేతులు మారడం ఆయన పెట్టిన పద్ధతే. ఎవరైనా “వినలేదు” అంటే చాలు, అక్కడ ఎందుకని అడగరు. సంజాయిషీ లేదు. పక్కవాడు సుత్తి అందుకుంటాడు, అన్నవాడు వెళ్ళి బల్ల మీద కూర్చుంటాడు. మిషను కూడా చివరికి వచ్చింది. వచ్చాక మూడు నెలలు దాని చెవి సరిగ్గా ఉందో లేదో చూడటానికి మామయ్యనే నిలబెట్టారు.

అత్తయ్యను అడిగితే మాత్రం ఇవేవీ చెప్పదు. సెలవులో ఉండగా జరిగిన ఒక పొద్దుటి సంగతి చెబుతుంది.

మొదటి పది రోజులూ ఆయన మొద్దు నిద్ర పోయాడు. తర్వాత రెండు వారాలు నరకం చూపించాడు. ఊరికే గది లోంచి గది లోకి తిరగడం, వంటింట్లోకి వచ్చి గిన్నెలు అటూ ఇటూ సర్దడం, “ఈ డబ్బా ఇక్కడెందుకుంది?” అని ఆరా తీయడం. “మీరు స్టేషన్‌కు వెళ్ళకపోతే పోయె, కనీసం నా వంటింట్లోంచి వెళ్ళండి” అనేది అత్తయ్య. నెల దాటాక నెమ్మదించాడు. పెరటి గడప మీద కూర్చోవడం అలవాటైంది. కూతురు ఫోన్ చేస్తే అరగంట మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక, “దానికి జలుబు చేసింది. చెప్పలేదు గానీ గొంతులో ఉంది” అన్నాడు.

ఆరో వారంలో ఒకరోజు తొమ్మిదిన్నరకు స్టేషన్ మాస్టరు సైకిలేసుకుని వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. కొత్త మనుషుల్లో ఒకడికి జ్వరం. ఇంకొకడు తెల్లవారుజాము నుంచి నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం బండి ఒక్కటి.

“ఒక్క బండి మామయ్యా. ఇరవై నిమిషాలు. మీ చెయ్యి పడితే చాలు. నిజం చెప్పనా, మీరు లేని స్టేషను స్టేషన్‌లా లేదు. అందరూ అదే అంటున్నారు.”

అత్తయ్య టీ పోస్తోంది. మామయ్య వీపు నిటారు కావడం ఆవిడ చూసింది. ఆరు వారాలుగా చూడని ఆ రెండంగుళాల ఛాతీ మళ్ళీ లేచింది. ఆయన కాళ్ళు బల్ల కింద బూట్ల కోసం వెతికాయి. ఒక బూటు తొడుక్కున్నాడు. లేసు ముడి వేశాడు. ఆవిడ నోరు తెరవబోయి పళ్ళ బిగువున ఆపుకుంది. తను చెబితే ఆగుతాడు, ఈ ఒక్కరోజుకు ఆగుతాడు. అలా ఆగితే లాభం లేదని ఆవిడకు అనిపించింది. టీ కప్పు అంచు దాటి పళ్ళెంలోకి పోతోంది, ఆవిడ చూసుకోలేదు.

మామయ్య రెండో బూటు చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. తర్వాత వంగి మొదటి బూటు లేసు విప్పాడు.

“బండి ఎన్నింటికి?”

“పన్నెండున్నర.”

“జంక్షన్ నుంచి మనిషి రావడానికి గంటన్నర చాలు. ఇప్పుడు ఫోన్ చేస్తే సరిపోతుంది. నేను రాను మాస్టారూ.”

“అదేంటండీ! మీరే కాదంటే ఎలాగ?”

“నా చెవి ఇప్పుడిప్పుడే ఇంటి దారి పట్టింది. గుమ్మం దాకా వచ్చినదాన్ని వాకిట్లోంచే తోలేయమంటారా?”

మాస్టరు అత్తయ్య వంక చూశాడు. ఆవిడ వంక చూసి లాభం లేదు, ఆవిడ మామయ్యనే చూస్తోంది. ఉక్కులోని మాట వినడం ఒక ఎత్తు. పొగుడుతూ ఎదురుగా నిలబడ్డ మనిషికి కాదని చెప్పడం ఇంకో ఎత్తు. పెళ్ళైన నాటి నుంచి ఈ మనిషి నోట స్టేషనుకు కాదన్న మాట రాలేదు. అది ఇంత మెల్లగా, ఇంత మామూలుగా వస్తుందని ఆవిడ అనుకోలేదు. దేవుడి గుళ్ళో నిలబడ్డప్పుడు కూడా తనకు అలా అనిపించలేదని చెబుతుంది ఆవిడ.

మాస్టరు టీ తాగాడు, పళ్ళెంలోది కూడా. ఆ ఇంటి ఫోన్ నుంచే జంక్షన్‌కు మాట్లాడి, మనిషిని పంపుతామన్నాక సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

పన్నెండున్నరకు బండి వచ్చింది. క్వార్టర్ల గోడ వెనకే యార్డు. పెరటి గదిలో మంచం మీద పడుకుని ఉన్న మామయ్య కళ్ళు తెరిచాడు. సుత్తి మోత మొదలైంది. అత్తయ్యకు దూరంగా ఏదో ఠంగు ఠంగుమనడమే తెలిసింది.

“జంక్షన్ మనిషి వచ్చాడు” అన్నాడు మామయ్య.

“ఎలా కొడుతున్నాడు?”

ఆయన ఇంకో నాలుగైదు దెబ్బలు విన్నాడు. “చెయ్యి మంచిది. కాస్త తొందర పడుతున్నాడు. ఆ మూడోది ఉంది చూడు, బ్రేకు పట్టేసింది... ఆగాడు. పట్టుకున్నాడు. పర్వాలేదు.”

అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బండి కదలకముందే నిద్రపోయాడు.